పోర్ట్ లూయీ దాటాక

మారిషస్ వెళ్ళివచ్చానని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "బీచిలు ఎలా ఉన్నాయి?" అని. బాగానే ఉన్నాయి. నీళ్ళు నీలంగా, ఇసుక తెల్లగా, సినిమా పాటల్లో చూపించినట్టే ఉన్నాయి. వాటి గురించి అంతకు మించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను తిరిగిన మారిషస్ చాలావరకు సముద్రానికి వీపు పెట్టి కూర్చునే మారిషస్. ఎవరైనా వెళ్ళబోతుంటే పనికివస్తుందని కొంత, ఎవరికీ చెప్పుకోని సంగతి ఒకటి చెప్పుకుందామని కొంత, ఇది రాస్తున్నాను.

2018 మార్చిలో ఆఫీసు పని మీద నాలుగు వారాలు అక్కడ ఉన్నాను. బస ఎబెన్‌లో. రాజధాని పోర్ట్ లూయీకి దక్షిణాన, చెరకు తోటల స్థానంలో లేచిన అద్దాల మేడల ఊరది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఆ నెల పన్నెండో తేదీకి సరిగ్గా యాభై ఏళ్ళు. వీధులన్నీ నాలుగు రంగుల జెండాలే. ప్రధాన ద్వీపం నిలువు అరవై అయిదు కిలోమీటర్లు, అడ్డం నలభై అయిదు. మన పాత తూర్పుగోదావరి జిల్లాలో అయిదో వంతు కూడా ఉండదు. ఇంత చిన్న దేశాన్ని నాలుగు వారాంతాల్లో చుట్టేయవచ్చు గదా అనుకున్నాను. దూరాలు చిన్నవే గానీ, బస్సులకు ఆ సంగతి తెలియదు.

రాజధానిని మొదటి శనివారం ఒక్క పూటలో ముగించాను. రేవు పక్కన అప్రవాసీ ఘాట్ ఉంది. 1834 నుంచి 1920 దాకా భారతదేశం నుంచి దాదాపు అయిదు లక్షలమంది ఒప్పందపు కూలీలు దిగిన చోటు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. ఓడ దిగినవాళ్ళు ఎక్కిన రాతిమెట్లు కొన్ని మిగిలి ఉన్నాయి. అందరూ అక్కడ ఫొటోలు తీసుకుంటున్నారు. నేను తీసుకోలేదు. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది కాకినాడకు దక్షిణాన, గోదావరి పాయల మధ్య ఉన్న ఒక ఊరు. మా నాయనమ్మ వాళ్ళ తాతగారికి ఒక అన్న ఉండేవాడట, అప్పన్న అని. "దీపాంతరం పోయాడు" అనేది నాయనమ్మ. ద్వీపాంతరం అన్నమాట ఆవిడ నోట్లో అలా దీపం వెలిగించుకునేది. ఏ దీవికి అంటే "మారీసుకు" అనేది. ఎందుకు పోయాడు అంటే, అప్పులు చేసి పారిపోయాడని ఒకసారి, తమ్ముడితో పడక పోయాడని ఒకసారి. కోరంగి రేవులో ఓడ ఎక్కాడని మావాళ్ళు అనేవారు. మద్రాసులో ఎక్కాడేమో కూడా. తిరిగి రాలేదు, ఉత్తరమూ లేదు. ఆయన వాటాకు రావలసిన ఎకరంన్నర పల్లం తమ్ముడి పిల్లలకు కలిసిపోయింది, అలా మా దాకా వచ్చింది. దాని పేరు మాత్రం చివరిదాకా "అప్పన్న మడి"యే. "అప్పన్న మడికి నీళ్ళు పెట్టారా", "అప్పన్న మడి కోత ఎప్పుడు" అంటూ పెరిగాం గానీ ఆ అప్పన్న ఎవరని ఇంట్లో ఎవరూ నిలబడి ఆలోచించలేదు. నా ఇంజనీరింగు చదువుకు ఆ మడే అమ్మారు.

సరే, ఇక ఊళ్ళు.

ఉత్తరాన పాంపుల్ముస్ వృక్షోద్యానం ఉంది. అందరూ వెళ్ళేదే, అయినా వెళ్ళదగ్గదే. పద్దెనిమిదో శతాబ్దంలో పియేర్ ప్వావ్ర్ అనే ఫ్రెంచి అధికారి పెంచిన తోట. లవంగం, జాజికాయ డచ్చివాళ్ళ గుత్తాధిపత్యంలో ఉన్న రోజుల్లో మొక్కల్ని దొంగతనంగా తెప్పించి ఇక్కడ నాటించాడు. పళ్ళేలంత ఆకులున్న పెద్ద కలువల కొలను దగ్గర జనం మూగుతారు. నేను మాత్రం కొంచెం అవతల నిలబడిపోయాను. అక్కడ శ్రీతాళ వృక్షాలున్నాయి. తెలుగు తాళపత్ర గ్రంథాల గురించి చదివినవాళ్ళకు ఆ పేరు తెలిసే ఉంటుంది, మెత్తని వెడల్పాటి ఆకు. ఈ చెట్టు దశాబ్దాల తరబడి బతికి, జీవితంలో ఒక్కసారే పూస్తుంది. మహావృక్షం నెత్తిన మరో చెట్టు మొలిచినంత పూగుత్తి వేసి, కాయలు పండాక చచ్చిపోతుంది. నేను చూసినప్పుడు ఏదీ పూతలో లేదు. ఆకులు గాలికి గలగలమంటున్నాయి, అంతే.

తోటకు దగ్గర్లోనే బో ప్లాఁ అనే చోట, 1999లో మూతపడిన చక్కెర మిల్లును మ్యూజియంగా మార్చారు. అక్కడ రెండు గంటలు పెట్టుకోండి. గానుగలు, ఆవిరి యంత్రాలు, తూకాలు అన్నీ చూపిస్తారు. బానిసల గురించి, కూలీల గురించి కూడా దాచకుండా చెప్పారు. చివర్లో రకరకాల బెల్లపు చక్కెరలు రుచి చూపించారు. మన అనకాపల్లి బెల్లం తిన్న నాలుకకు వాటిలో రెండు మూడు దగ్గరగా తగిలాయి. తొలిరోజుల ఒప్పందాల్లో మగ కూలీకి నెలకు అయిదు రూపాయలు, తిండి, బట్ట. ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల కూలి కోత. ఇది చదివిన వెంటనే ఆ చక్కెర రుచి చూడడం అంత హాయిగా ఉండదు. ఈ వరస ఎవరు పెట్టారో గానీ, తెలిసే పెట్టి ఉంటారు.

రెండో వారాంతం ఆగ్నేయానికి, మాయ్‌బూర్‌కు. క్యూర్‌పిప్‌లో బస్సు మారాలి. క్యూర్‌పిప్ పీఠభూమి మీది ఊరు, ఎప్పుడు చూసినా చినుకే. నేను నాలుగుసార్లు ఆగితే నాలుగుసార్లూ తడిశాను. అక్కడి నుంచి దిగుతుంటే రెండు పక్కలా చెరకే. ఆ చెరకు నడుమ నల్లటి గుట్టలు కనిపించడం మొదలైంది. మొదట పాడుబడిన గుడులేమో అనుకున్నాను. కొన్ని తీరూ తెన్నూ లేని కుప్పలు, కొన్ని అంచెలంచెలుగా పేర్చిన కట్టడాలు. అన్నీ అగ్నిపర్వతపు నల్లరాళ్ళు.

పక్కన కూర్చున్న ముసలాయన్ను సైగలతో అడిగాను. ఆయన తన రెండు చేతులు చాపి, వంగి ఏదో ఎత్తి పక్కన పెట్టినట్టు చూపించి, మళ్ళీ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. అంతకన్న వివరంగా ఏ పుస్తకమూ చెప్పలేదు నాకు తర్వాత. ఈ ద్వీపమంతా లావా గడ్డకట్టిన నేల. నేల నిండా బండలు. చెరకు వేయాలంటే ముందు రాళ్ళు ఏరాలి. తరతరాలుగా మనుషులు చేతులతో, గునపాలతో పెళ్ళగించి, మోసి, పొలం మధ్యలోనే కుప్ప పోశారు. మొదట ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి తెచ్చిన బానిసలు, వాళ్ళ తర్వాత మనవాళ్ళు. విమానాశ్రయం దగ్గరి ప్లేన్ మాన్యాఁ చుట్టుపక్కల ఇలాంటివి మరీ నేర్పుగా పేర్చినవి ఉన్నాయి. ఈమధ్య కొందరు వాటిలో ఈజిప్టు పిరమిడ్ల రహస్యాలు వెతుకుతున్నారట. కూలివాడు రాయిని తిన్నగా పేర్చగలడంటే నమ్మడం కష్టం కాబోలు.

ఈ కుప్పల్ని చూడడానికి టికెట్ లేదు, బోర్డు లేదు. ఏ పర్యాటక పుస్తకంలోనూ మొదటి పది పేర్లలో ఉండవు. నన్నడిగితే ఆ దేశంలో ముందు చూడవలసినవి ఇవే. మా డెల్టాలో ఇంటి పునాదికి రాయి కావాలంటే బయటి నుంచి తెప్పించుకోవాలి. బురద తప్ప ఎరగని ఊరి మనిషిని తెచ్చి ఈ రాళ్ళ మధ్య నిలబెడితే ఏమనుకుని ఉంటాడు?

మాయ్‌బూర్ చిన్న ఊరు, పెద్ద చరిత్ర. ఎదురుగా కనిపించే గ్రాండ్ పోర్ట్ అఖాతంలో 1810 ఆగస్టులో ఫ్రెంచివాళ్ళు ఇంగ్లీషువాళ్ళను చిత్తుగా ఓడించారు. పారిస్ విజయతోరణం మీద చెక్కిన విజయాల పేర్లలో ఇంగ్లీషు నౌకాదళం మీద గెలిచినది ఇదొక్కటే. గాయపడ్డ ఇద్దరు సేనానులకూ ఒకే ఇంట్లో వైద్యం చేశారు. ఆ ఇల్లే ఇప్పుడు జాతీయ చరిత్ర మ్యూజియం. గెలిచిన సంబరం మూణ్ణెల్లే. ఆ ఏడాది చివర్లో ఇంగ్లీషువాళ్ళు ఉత్తరపు కొసన కాప్ మలెరో దగ్గర దిగి ద్వీపాన్ని పట్టుకున్నారు. దిగిన సైన్యంలో మద్రాసు సిపాయిలు కూడా ఉన్నారు. మనవాళ్ళు అక్కడికి తుపాకులతో ఒకసారి, గునపాలతో ఒకసారి వెళ్ళారన్నమాట.

ఊరి అవతల 1870 నాటి బిస్కట్ల కార్ఖానా ఒకటి ఉంది. కర్రపెండలం పిండితో బిస్కట్లు చేస్తారు. మా పెద్దాపురం వైపు కర్రపెండలం అంటే సగ్గుబియ్యమే గుర్తొస్తుంది, బిస్కట్టని ఎవరికీ తోచలేదు. టీలో ముంచుకుంటే బాగుంది. ఊరికే తింటే, మా ఆవిడ మాటల్లో, అట్టముక్క.

అక్కడికి దగ్గర్లో పడవ ఎక్కి ఇల్ ఒ ఎగ్రెట్ అనే చిన్న దీవికి వెళ్ళవచ్చు. ఇరవై ఆరు హెక్టార్లే. తప్పకుండా వెళ్ళండి. మనుషులు రాకముందు ఈ తీరపు అడవి ఎలా ఉండేదో, అలా తిరిగి చేయాలని వన్యప్రాణి సంరక్షకులు తంటాలు పడుతున్న చోటు. డచ్చివాళ్ళు 1598లో వచ్చారు, నల్లచేవ చెట్లు నరికి ఓడలకెత్తారు, 1710లో వెళ్ళిపోయారు. ఆ నల్లచేవ చెట్టు మన బీడీల ఆకు తునికికి దాయాదే. ఈలోగా డోడో పక్షి పోయింది. అది బతికుండగా చూశామన్న కబుర్లలో నమ్మదగ్గ చివరిది 1662 నాటిది. దాని ఎముకలు కుప్పలుగా దొరికింది 1865లో, మాయ్‌బూర్ బడిపంతులు ఒకాయనకు, ఇప్పుడు మనం విమానం దిగే చోటికి దగ్గరి బురదగుంటలో.

దీవిలో తిరిగేటప్పుడు గులాబీరంగు పావురం ఒకటి మా దారికి అడ్డంగా నడిచి వెళ్ళింది. 1990 ప్రాంతంలో అడవిలో మిగిలినవి పది. ఇప్పుడు వందల్లో ఉన్నాయి. ఇక్కడి గద్ద జాతి పక్షి ఒకటి 1974 నాటికి నాలుగే మిగిలి, మళ్ళీ నిలదొక్కుకుంది. స్థానికపు పెద్ద తాబేళ్ళు ఎప్పుడో అంతరించాయి. వాటికి బదులు అల్దాబ్రా నుంచి వచ్చిన జాతి తాబేళ్ళను వదిలారు. ఎందుకయ్యా అంటే నల్లచేవ పళ్ళు తిని, గింజల్ని దూరంగా విసర్జించడానికి ఒక తాబేలు కావాలి. చచ్చిపోయినవాడి పనిని పరాయివాడు వచ్చి చేస్తున్నాడు. మొలకలు వస్తున్నాయట.

ఏడురంగుల మట్టి చూశావా అని అడుగుతారు కాబట్టి ఒక మాట: షామరెల్‌లో ఉంది, రంగులు నిజమే, కంచె అవతల నుంచి పది నిమిషాలు చూసి రావచ్చు. దారిలో కనిపించే నల్లనది లోయల అడవి దానికన్న బాగుంటుంది.

మూడో వారం నైఋతి కొసకు, లె మోర్న్ కొండకు వెళ్ళాను. సముద్రంలోకి చొచ్చుకువచ్చిన 556 మీటర్ల ఒంటి బండ. పారిపోయిన బానిసలు దాని గుహల్లో, శిఖరం మీద దాక్కునేవారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. ఆ కబురు చెప్పడానికి పోలీసులు కొండెక్కుతుంటే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని పైనుంచి దూకేశారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. చరిత్ర ఎంతో, కథ ఎంతో. కొండ కింద నిలబడి పైకి చూసినప్పుడు ఆ లెక్క ఎవరికీ గుర్తు రాదు. 2008లో దీన్ని కూడా యునెస్కో జాబితాలో చేర్చారు. విడుదల కబురే తరుముకొచ్చినట్టు వినబడిందంటే అంతకు ముందు ఎన్నిసార్లు తరిమి ఉంటారో! ఆ ఖాళీ అయిన పొలాల్లోకే మనవాళ్ళను దింపారు.

తిరుగుదారిలో గ్రాండ్ బాసిన్. అక్కడివాళ్ళు గంగా తలావ్ అంటారు. కొండల్లో అగ్నిపర్వతపు బిలంలో నిలిచిన కొలను. శివరాత్రికి దేశం నలుమూలల నుంచి కావళ్ళు భుజాన వేసుకుని నడిచివస్తారు. 2007లో నిలబెట్టిన నూటెనిమిది అడుగుల శివుడు, ఎదురుగా 2017లో అంతే ఎత్తున లేచిన దుర్గ. నేను వెళ్ళేసరికి శివరాత్రి అయిపోయి నెల దాటింది. మంచు, చినుకు, నాలుగు కోతులు, నేను. విగ్రహాలు మరీ పెద్దవనిపించాయి. కొలను మాత్రం తన పాటికి తాను ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. మా ఆఫీసులో ఒకాయనవి తెలుగు మూలాలు. తెలుగు రాదు, ఫ్రెంచి, క్రియోల్, ఇంగ్లీషు వచ్చు. తెలుగువాళ్ళను అక్కడ పాతకాలంలో రేవు పేరు మీద 'కోరంగీలు' అనేవారని ఆయనే చెప్పాడు. కోరంగిలో ఇప్పుడు రేవు లేదు, మడ అడవులున్నాయి. ఆ పేరు మాత్రం అంత దూరంలో మిగిలింది. మొదట వచ్చిన మనిషి పేరే తర్వాతివాళ్ళకు ఇంటిపేరు అయిపోవడం అక్కడి మామూలు. ఫ్రెంచిలో రాసే ప్రసిద్ధ రచయిత్రి నతాషా అప్పనా పుట్టింది మాయ్‌బూర్‌లోనే. ఆ అప్పనా మన అప్పన్నే. ఆంధ్రదేశం నుంచి వచ్చిన తన పూర్వీకుల గురించి 2023లో ఆమె ఒక పుస్తకం రాశారు. ఆ పేరు నాకు మొదటిసారి వినిపించినప్పుడు మాత్రం గుండె ఒక్క క్షణం ఆగింది. తర్వాత తెలిసింది, సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకున్నవాళ్ళు ఎన్ని ఓడల్లో ఎంతమంది దిగారో లెక్కలేదని.

"మోకాలో మహాత్మాగాంధీ సంస్థ ఉంది, వలస రికార్డులన్నీ అక్కడే. మనిషికొక నంబరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు. కొందరికి ఫొటోలు కూడా. వెళ్ళి అడగండి" అన్నాడాయన. మోకా మా ఎబెన్‌కు పక్కనే. బస్సులో రెండుసార్లు ఆ గేటు ముందు నుంచే వెళ్ళాను. నంబరు తెలియదు, ఓడ తెలియదు, ఏడాది తెలియదు, ఏం అడుగుతాం అని సర్దిచెప్పుకున్నాను. ఇంటికొచ్చాక సెలవు దొరకలేదని చెప్పాను. ఆ రెండూ నిజం కావు. దొరికితే? ఆయన పిల్లల పిల్లలు ఫలానా ఊళ్ళో ఉన్నారని కాగితం చూపిస్తే, వాళ్ళ గుమ్మం ఎక్కి ఏమని చెప్పను, మీ ఎకరంన్నరతో చదువుకున్నవాణ్ణి నేనేనని చెప్పనా?

మార్చి 18, ఆదివారం, ఉగాది. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవుదినం. (మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది ఆ దేశంలోనే.) ఆ సహోద్యోగి వాళ్ళ ఊరికి, ఇంటికి తీసుకెళ్ళాడు. గుమ్మానికి మామిడాకులు, లోపల రేడియోలో ఫ్రెంచి వార్తలు. దక్షిణార్ధగోళం కదా, అక్కడ ఉగాదికి వసంతం రాదు, ఎండాకాలం వెళ్ళిపోతుంటుంది. మామిడికాయల కాలం ఎప్పుడో దాటిపోయింది. వాళ్ళమ్మగారు పచ్చడిలో మామిడికి బదులు ఫ్రూయీ సితేర్ ముక్కలు వేశారు. మన అడవిమామిడి జాతి కాయ, పుల్లగా పీచుపీచుగా ఉంది. కొంచెంసేపు పోయాక ఆ రుచే సరైనదనిపించింది. ఆవిడ పుస్తకం తెచ్చి చూపించారు. రామభజన పాటలు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నవి. అర్థం చెప్పమన్నారు. రెండు పాటలకు చెప్పాను, కొడుకు క్రియోల్‌లోకి మార్చాడు. మూడోదానిలో ఒక మాట నాకూ తెలియలేదు. ఆ మాట నాకూ తెలియదన్నందుకు ఆవిడ నవ్వారు.

భోజనాలయ్యాక, మీవాళ్ళెవరైనా ఈ దేశం వచ్చారా అని అడిగారావిడ. అప్పన్న సంగతి చెప్పాను. మడి సంగతి కూడా. ఊరి మనుషులు నూటయాభై ఏళ్ళుగా ఆ పేరుతోనే పిలుస్తున్నారంటే ఆవిడ చేతులు జోడించి కళ్ళకద్దుకున్నారు. ఇప్పుడు అందులో ఏం పండుతోందని కొడుకు చేత అడిగించారు.

రొయ్యల చెరువు తవ్వారండీ, దాన్నిప్పుడు అప్పన్న చెరువంటున్నారు అన్నాను. తవ్వింది ఎవరో మాత్రం చెప్పలేదు.